రెండు గంటల పది నిమిషాలు

4 ఆగస్టు 1986

రూతు దగ్గర్నుంచి రిజిస్టర్డ్ కవరు. లోపల రెండు విమానం టికెట్లు, ఒకటి నాకు, ఒకటి ఎలీసమ్మకు. కలకత్తా నుంచి మద్రాసు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో చేరి రెండేళ్ళు నిండింది కదా, కంపెనీవాళ్ళు అమ్మానాన్నలకు ఇస్తారట. తేదీ వేయలేదు. ఏడాదిలోపు ఎప్పుడైనా ఎక్కవచ్చు.

ఉత్తరం నాలుగే ముక్కలు. దానితో పాటు పాత కంట్రోల్ చార్టు ముక్క ఒకటి పెట్టింది, అడ్డంగా గంటలు, నిలువునా స్టేషన్లు ఉండి మేం బండి నడకను గీతగా గీసేది. చిన్నప్పుడు దాని పుస్తకాలకు అట్టలు వేయడానికి ఆఫీసులో పారేసిన చార్టులు తెచ్చేవాణ్ణి. ఏ పుస్తకం అట్టో ఇంకా దాచుకుందన్నమాట. దానిమీద రెండు పెన్సిల్ గీతలు గీసింది. ఒకటి నా కోరమండల్, ఏటవాలుగా ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాకుతోంది. రెండోది విమానం, నిట్టనిలువు. కింద రాసింది: "1,370 కిలోమీటర్లు. రెండు గంటల పది నిమిషాలు. ఆలోపు మీ బండి భద్రక్ కూడా చేరదు నాన్నా."

ఇది బండి గీత కాదు, తాటిచెట్టు అని జవాబు రాశాను. ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు 1,546 కిలోమీటర్లు, అందులో ప్రతి కిలోమీటరుకూ ఒక రాయి ఉంది, రాయి పక్కన మనిషి ఉన్నాడు. నీ దారిలో ఒక్క స్టేషనైనా ఉందా? ఎక్కడున్నామని ఎవర్ని అడగాలి? ఇరవై తొమ్మిదేళ్ళుగా కంట్రోల్లో కూర్చున్నవాణ్ణి, బండి ఎక్కడుందో తెలియకుండా రెండు గంటలు కూర్చోమంటే ఎలా?

టికెట్లు బీరువాలో పెట్టింది ఎలీసమ్మ, పట్టుచీర మడతలో.

11 ఆగస్టు

డ్రైవర్ తవిటయ్య తల్లి పోయింది. అతను టాటానగర్ నుంచి గూడ్సు తెస్తున్నాడు. ముసలామెకు రెండ్రోజులుగా బాగాలేదు, అతను అడిగిన మీదట ఉదయం ఘాట్‌శిలలో "అలాగే ఉంది" అని కాగితం ఇప్పించాను. పదకొండింటికి కబురు వచ్చింది. పక్క సీట్లో ఉన్న సింహాచలం ఝార్‌గ్రామ్‌లో చెప్పించేద్దామా అన్నాడు. వద్దన్నాను. బండి మీద ఉన్నవాడికి చావు కబురు చెప్పరాదు. దిగాక, డ్యూటీ దిగినట్టు సంతకం పెట్టాక చెప్పాలి. పుస్తకంలో ఎక్కడా లేదు గానీ మాకది రూలే.

ఇక్కడ దిగాక నేనే వెళ్ళి చెప్పాను. నాకు ఝార్‌గ్రామ్‌లోనే తెలిసింది సార్ అన్నాడు. అక్కడ స్టేషన్ మాస్టరు తనే టీ పట్టుకొచ్చి, అమ్మకి పరవాలేదంట అని నోటితో చెప్పాడట, కాగితం ఇవ్వలేదట. నిజమే. మావాళ్ళు నోటితో ఎన్నయినా చెబుతారు గానీ అబద్ధం మీద సంతకం పెట్టరు. టీ వచ్చి కాగితం రాలేదంటే ఇక అడగక్కర్లేదు.

ఈ రూలు ఇంట్లో ఒకసారి భోజనాల దగ్గర చెప్పాను. రూతుకు అప్పుడు పదేళ్ళు. ముద్ద చేత్తో పట్టుకుని, "అయితే ఆ బండి దిగేదాకా ఆ డ్రైవరు వాళ్ళమ్మ బతికే ఉన్నట్టేటి నాన్నా?" అని అడిగింది. అతని లెక్కలో బతికే ఉన్నట్టు అన్నాను. అన్నం చల్లారిపోయేదాకా ఆలోచించింది పిచ్చిది.

19 ఆగస్టు

రూతు ఉత్తరం. మెట్లెక్కితే కాస్త ఆయాసంగా ఉందట. మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసమే. మా ట్రాఫిక్ సెటిల్‌మెంట్ కాలనీ ఓవర్‌బ్రిడ్జి ఎక్కితే నాకూ వస్తుంది.

ఎలీసమ్మ టికెట్లు బయటికి తీసి ఇప్పుడే వెళ్దామంది. తొమ్మిదో ఏట కీళ్ళజ్వరం వచ్చినప్పుడు దాని గుండె కవాటం పాడైందని రైల్వే ఆస్పత్రి డాక్టరు చెప్పిన మాట మళ్ళీ ఎత్తింది. ఇప్పుడు సెలవు దొరకదు. దసరా రద్దీ అయిపోయాక వెళ్దాం అన్నాను.

2 సెప్టెంబరు

మద్రాసు ఉత్తరం లేదు.

5 సెప్టెంబరు

లేదు.

9 సెప్టెంబరు

వచ్చింది. కవాటానికి ఆపరేషన్ చేయాలన్నారట. క్రిస్మస్ అయ్యాక చేయించుకుంటాను, మీరు కంగారుపడకండి అని రాసింది. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. కంగారు ఉన్నవాళ్ళ అక్షరాలు అలా ఉండవు.

16 సెప్టెంబరు, కోరమండల్‌లో

ఉదయం తొమ్మిదికి మద్రాసు కంట్రోల్ నుంచి రైల్వే ఫోన్. రూతుతో పనిచేసే సూసన్న, ఒకే గదిలో ఉంటారు ఇద్దరూ, ఆ అమ్మాయి సెంట్రల్ స్టేషన్‌కి వెళ్ళి చెప్పించింది. రూతు కౌంటర్ దగ్గరే పడిపోయిందట. ఆస్పత్రిలో ఉంది. స్పృహలోనే ఉంది, బేగి రమ్మంటున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి ఎలీసమ్మ చీర మార్చుకుని, టికెట్లు చేత పట్టుకుని గుమ్మంలో ఉంది. సింహాచలం అప్పటికే చెప్పి పంపాడన్నమాట. 10.40 బండికి హౌరా వెళ్తే సాయంత్రం విమానం అందుతుంది, రాత్రి తొమ్మిదికల్లా మంచం దగ్గర ఉంటాం అని లెక్క కూడా వేసి పెట్టింది. నాతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి కదా.

నువ్వెళ్ళు అన్నాను. నేను చార్జి అప్పగించి కోరమండల్‌కి వస్తాను. విమానంలో అయితే ఏ కబురూ ఉండదు, రైలైతే ప్రతి పెద్ద స్టేషన్లోనూ కబురు అందుతుంది. ఇద్దరిలో ఒకరికైనా తెలుస్తూ ఉండాలి కదా.

ఆవిడ చేతిలోని టికెట్లు నా ముందుకు చాపింది.

"కబురుతో నాకేటి పనండీ? మనిషిని సూడాల."

ఎలీసమ్మ ఒంటరిగా వాల్తేరు దాటి ఎరగదు. లిఫ్టు ఎక్కాలన్నా నా చొక్కా పట్టుకునేది. సింహాచలం భార్య బాలాంబ డమ్‌డమ్ ఎయిర్‌పోర్టు దాకా తోడు వెళ్తానని అప్పటికప్పుడు చెప్పులేసుకుని వచ్చింది. హౌరా బండి కిటికీలోంచి ఎలీసమ్మ నా టికెట్టు నా చేతిలో పెట్టింది.

సింహాచలం అన్నీ ఏర్పాటు చేశాడు. సూసన్న మూడు గంటలకోసారి మద్రాసు కంట్రోల్‌కి చెబుతుంది. అక్కణ్ణుంచి బెజవాడ, వాల్తేరు, ఖుర్దా కంట్రోళ్ళు అందుకుంటాయి. బండి ఎక్కడ ఆగితే అక్కడ మాస్టరు నా పెట్టె దగ్గరికి వచ్చి కాగితం ఇస్తాడు.

16.20కి బయల్దేరింది. టైముకే.

భువనేశ్వర్ 20.50. కాగితం వచ్చింది. "రూతు స్పృహలో ఉంది. తల్లి విమానం దిగింది." సంతకం, టైము, ముద్ర. చూశావా ఎలీసా, కబురంటే ఇదీ.

17 సెప్టెంబరు, కోరమండల్‌లో

బరంపురం. కాగితం. "తల్లి దగ్గరే ఉంది. పరిస్థితి అలాగే."

వాల్తేరు, 4.10. కాగితం. "పరిస్థితి అలాగే. తండ్రి బండి ఎక్కడుందని అడుగుతోంది." నిమిషం లేటు, దువ్వాడ దాటేలోపు సర్దుకుంటుందని చెప్పమన్నాను. మాస్టరు నవ్వాడు. అడుగుతోందంటే కోలుకుంటున్నట్టే.

రాజమండ్రి, 7.40. మాస్టరు తనే వచ్చాడు. మంచి మనిషి, అరవై దగ్గరపడ్డట్టుంది. టీ గ్లాసు కిటికీలోంచి అందించాడు. పరవాలేదంటండీ, అలాగే ఉందంట అన్నాడు. కాగితం ఏదని అడిగాను. పుస్తకం అయిపోయిందండీ అన్నాడు. ఈ సౌత్ సెంట్రల్ వాళ్ళింతే, ఆఫీసులో ఒక మెమో పుస్తకం కూడా సరిగ్గా పెట్టుకోరు. మా డివిజన్లో అయితే చార్జిషీటు ఇచ్చేవాళ్ళు.

టీ బాగుంది. చక్కెర కాస్త ఎక్కువ.

గోదారి నిండుగా ఉంది.

బెజవాడ, 10.30. ఇక్కడా టీ. ఇక్కడా పుస్తకం లేదు. భోజనం తిన్నాను, అన్నం పప్పు వంకాయకూర. ఎదురు సీటులో నెల్లూరు వెళ్ళే ఆసామి ఎక్కడికని అడిగితే రూతు ఫోటో చూపించాను. మా అమ్మాయండీ, ఎయిర్‌పోర్టులో పనిచేస్తుంది, దాన్ని చూడ్డానికే వెళ్తున్నాను అన్నాను. మొత్తం విమానాల వేళలన్నీ నోటికొచ్చు దానికి, నా పోలికే అన్నాను. పెళ్ళి మాట అడిగాడు. ఇప్పుడే కాదండీ, ఆపరేషన్ అవ్వాలి, ఆ తర్వాత చూస్తాం అన్నాను. నెల్లూరు దాకా చెబుతూనే ఉన్నాను. నేను ఇంత మాట్లాడే మనిషిని కాదు.

గూడూరు దాటాం. బండి టైముకే ఉంది. టైముకే ఉంది.

21 సెప్టెంబరు

17న తెల్లవారి 5.50కి. బండి అన్నవరం దగ్గర ఉండి ఉంటుంది.

మద్రాసులోనే మట్టి చేశాం. సూసన్న వాళ్ళ చర్చివాళ్ళే అన్నీ చూసుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎలీసమ్మ నాతో మాట్లాడలేదు. కోపంగా కాదు, పక్కన ఎవరూ లేనట్టుగా.

25 సెప్టెంబరు

డ్యూటీలో చేరాను. కంట్రోల్ రూమ్‌లో అందరూ లేచి నిలబడ్డారు. సింహాచలం దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

లాక్కున్నాను. రాజమండ్రిలో అబద్ధం చెప్పమని ఎవడు చెప్పాడని అడిగాను. లైన్ పొడవునా కలాసీలకు కూడా తెలుసు, వాల్తేరు నుంచి మద్రాసు దాకా అందరికీ తెలుసు, దాని తండ్రికి తప్ప. ఎవడు చెప్పొద్దన్నాడు?

సింహాచలం గదిలో అందరి వైపూ ఒకసారి చూశాడు. తర్వాత, "నానే సెప్పొద్దన్నాను. ఏటంటావు?" అన్నాడు.

ముప్పై ఏళ్ళ స్నేహం. ఇక నీ ముఖం చూడనన్నాను. మీ రూలే కదా సార్ అని వెనక నుంచి ఎవరో గొణిగారు. తవిటయ్య కాబోలు. వినపడనట్టు కూర్చుని పెన్సిల్ చెక్కుకున్నాను.

28 సెప్టెంబరు

ఎలీసమ్మ రూతు మంచం దగ్గరికి చేరింది 16న రాత్రి 9కి. నేను 17న 17.50కి. తేడా ఇరవై గంటల యాభై నిమిషాలు. ఇందులో చార్జి అప్పగించడానికి పట్టింది అరగంట. చార్జి సింహాచలం తీసుకునేవాడు, తీసుకుంటానని ఉదయం తొమ్మిదింబావుకే అన్నాడు.

అయినా చార్జి అప్పగించాలి కదా.

3 అక్టోబరు

ఆ రోజు విమానం ఏ మబ్బుల వల్లో రద్దయి ఉంటే? అప్పుడు రైలే నయం. ఈ సంగతి ఎవరూ ఆలోచించరు.

రద్దు కాలేదు. ఎలీసమ్మ ఎక్కింది కదా.

4 అక్టోబరు

కబురు తెలుస్తూ ఉండాలనే రైలెక్కాను. కబురు తెలిసింది కూడా, మూడు కాగితాలు వచ్చాయి. మిగతావి రానివ్వకుండా చేసింది సింహాచలం.

12 అక్టోబరు

ఎలీసమ్మ ఈవేళ మాట్లాడింది. మిరపకాయలు తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా. రూతు పోయే ముందు నాకోసం ఒక మాట చెప్పిందట.

ఏమిటని అడిగాను. రెండోసారి కూడా అడిగాను.

"ఇప్పుడు సెప్పను. దాని దగ్గరికి ఎలగ రమ్మని టికెట్టు పంపిందో అలగ రండి. విమానంలో కూసున్నాక సెప్తాను."

పిల్ల పోయిన ఇంట్లో ఇదేం పంతమని అరిచాను. ఆవిడ మిరపకాయలు చాటలోకి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల వల్ల కాదు.

25 డిసెంబరు

నక్షత్రం కట్టలేదు.

4 ఆగస్టు 1987

ఈ రోజుతో నా టికెట్టు గడువు అయిపోయింది. మద్రాసు నుంచి రాగానే మళ్ళీ బీరువాలో పట్టుచీర మడతలోనే పెట్టాను. ఎలీసమ్మ ఆ చీర కట్టడం మానేసింది.

17 సెప్టెంబరు 1987

డ్యూటీ చేశాను. కోరమండల్ టైముకే వెళ్ళింది.

30 జూన్ 1988

సింహాచలం రిటైరయ్యాడు. ఝపటాపూర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాడు, రేపు మారిపోతాడట. సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో సన్మానం. నా పేరు పిలిచారట దండ వేయమని. నేను వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని గడియారానికి కీ ఇచ్చాను.

ఎలీసమ్మ వెళ్ళింది. నా బదులు తనే దండ వేసిందట. అప్పుడు సింహాచలం ఏడ్చాడట. అబద్ధాలు చెప్పినవాడు ఏడవడం ఎందుకో.

17 సెప్టెంబరు 1988

ఏమీ లేదు.

9 నవంబరు 1989

గోల్‌బజార్‌లో బాలాంబ కనిపించింది. అన్నయ్యా, ఒకసారి ఇంటికి రండి, ఆయన మిమ్మల్నే తల్సుకుంటాడు అంది. వస్తానన్నాను. కూరగాయలు కొన్నాను. ఇంటికి వచ్చేశాను.

26 ఆగస్టు 1990

ఈ నెలాఖరుకు రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేయాలి. తాల్‌బగీచాలో రెండు గదులు చూశాం.

సామాను సర్దుతుంటే ఈ డైరీలు బయటపడ్డాయి. 1986ది విప్పితే మూడు కాగితాలు జారి పడ్డాయి. భువనేశ్వర్, బరంపురం, వాల్తేరు. పెట్టె మీద కూర్చుని మూడూ వరసగా పేర్చాను. తర్వాత ఆ రోజు నేను రాసింది చదివాను. మెమో పుస్తకం అయిపోయిందట. సౌత్ సెంట్రల్ వాళ్ళు సరిగ్గా పెట్టుకోరట. టీలో చక్కెర ఎక్కువట.

ఎవరికి రాశాను ఇదంతా? ఈ డైరీ నేను తప్ప ఎవరు చదువుతారు?

తవిటయ్యకు ఝార్‌గ్రామ్‌లో తెలిసింది. ఆ సంగతి నెల రోజుల ముందే నా చేత్తో ఇందులోనే రాసుకున్నాను. నాకు రాజమండ్రిలో తెలియలేదా? తెలిసింది. ఆ మాస్టరు చేతుల వైపు చూసినప్పుడే తెలిసింది. ఒక చేతిలో గ్లాసు ఉంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ గ్లాసు పుచ్చుకుని తాగాను. బెజవాడలో తాగాను. చచ్చిపోయిన పిల్ల ఫోటో ముక్కూ మొహం తెలియని మనిషికి చూపించి పెళ్ళి తర్వాత చేస్తామన్నాను.

తెలిసి కూడా సింహాచలాన్ని నాలుగేళ్ళు శిక్షించాను.

ఇంకొకటి కూడా ఉంది. ఎన్నిసార్లు మొదలుపెట్టి కొట్టేశానో. విమానం పడిపోతుందని నాకు భయం లేదు. చార్జి అప్పగించాలనీ కాదు. ఆ ఉదయం సూసన్న కబురు విన్నప్పుడే పిల్ల ఇక దక్కదని నాకు అనిపించింది. విమానమైతే తీసుకెళ్ళి ఆ మంచం దగ్గర దింపేస్తుంది. రైలు అంత తొందరగా దింపదు. నేను దారిలో ఉన్నంతసేపూ పిల్ల ఉంటుంది. ఒకరోజు ఎక్కువ ఉంటుంది. అందుకని ఎక్కాను. పిల్ల నాన్నా అని ఎదురుచూస్తూ ఉంటే, నేను అది బతికి ఉండాలని దానికి దూరంగా కూర్చున్నాను.

ఇంతకంటే పిరికి తండ్రి ఉంటాడా.

27 ఆగస్టు

విమానంలో వెళ్దాం అని ఎలీసమ్మతో చెప్పాను. సరే అంది. సూసన్నకు ఉత్తరం తనే రాసింది.

17 సెప్టెంబరు 1990, విమానంలో

ఎలీసమ్మ కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. బెల్టు తనే పెట్టింది. ఒక్కసారి ఎక్కిన అనుభవం, నాకు అన్నీ నేర్పుతోంది. లేచేటప్పుడు నేను తన చొక్కా, కాదు, కొంగు పట్టుకున్నాను.

రూతు గీసిన చార్టు ముక్క తెచ్చుకున్నాను. గడియారం చూసుకుంటూ దానిమీదే నా పెన్సిల్‌తో మరో గీత మొదలుపెట్టాను. కింద సముద్రం, ఒక్క రాయి లేదు. ఎక్కడున్నామో తెలియదు. తెలియకపోయినా బండి వెళ్తోంది.

అరగంట తర్వాత చెప్పమన్నాను. ఎలీసమ్మ చెప్పింది. మెల్లగా, ముందు సీటు వైపు చూస్తూ.

నాన్న రైల్లో వస్తున్నాడంటే రూతు నవ్విందట. నాకు తెలుసు అందట. చేతి గడియారం తలగడ మీద పెట్టించుకుని రాత్రంతా నా బండిని నడిపిందట. ఇప్పుడు భువనేశ్వర్ దాటుంటాడమ్మా, ఇప్పుడు ఖుర్దా, ఇప్పుడు చిలక సరస్సు పక్కన. వాల్తేరు కాగితానికి జవాబు వెళ్ళింది, నిమిషం లేటు, సర్దుకుంటుందని. అది విని, మా నాన్న బండి ఎప్పుడూ లేటవదు అందట. తర్వాత ఊపిరి ఎగపోయడం మొదలైంది. అయిదు గంటల వేళ సూసన్నను దగ్గరికి పిలిచింది. ఎలీసమ్మ అక్కడిదాకా చెప్పి ఆగిపోయింది. నేను తన చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు రూతు మాట రూతు చెప్పినట్టే చెప్పింది.

"నానెల్లిపోతే నాన్నకి బండి దిగినాకే సెప్పండి. బండి మీద ఉన్నోళ్ళకి సెప్పకూడదు, అది నాన్న రూలు. సింహాచలం మావయ్యకి కబురెట్టండి, లైనంతా సెప్పేస్తాడు. సాయంత్రం దాకా నాన్న లెక్కలో నాను బతికే ఉంటాను."

నేను ఏడ్చాను. పక్కవాళ్ళు చూసినా ఏడ్చాను. నీళ్ళు తెచ్చిన అమ్మాయికి రూతు వయసే ఉంటుంది. ఏమైందండీ అని అడిగింది. మా అమ్మాయి పోయిందమ్మా అన్నాను. ఎప్పుడండీ అంది. ఇప్పుడే తెలిసింది అన్నాను.

ఎలీసమ్మ ఏమీ దిద్దలేదు. కొంగుతో నా ముఖం తుడిచింది. నాలుగేళ్ళు దాచినందుకు నన్ను తిట్టండి అంది. దేనికి తిట్టాలి? ఆవిడ ఒక్కతే ఆ రాత్రంతా కూర్చుంది. పిల్ల పక్కన ఉండాల్సిన రెండో కుర్చీ ఖాళీ. నా మీద కోపం దాచుకోవడానికి ఆవిడకు మాత్రం ఎక్కడ చోటుంది?

నేను దేనికోసం రైలెక్కానో రూతుకు తెలుసు. నేను అడగకుండానే నాకు ఇచ్చింది. రాజమండ్రి నుంచి మద్రాసు దాకా నా లెక్కలో బతికి ఉండడానికి ఊపిరందని గొంతుతో ఏర్పాటు చేసి పోయింది. తిరిగి నేను నీకు ఒక్క రాత్రి ఇవ్వలేకపోయాను తల్లీ.

గీత పూర్తయింది. రెండు గంటల పది నిమిషాలు. దాని గీత మీదే పడింది.

19 సెప్టెంబరు

గోరీ దగ్గర రెండు రోజులు కూర్చున్నాం. ఎలీసమ్మ చామంతులు నాటింది. నేను రాతి మీద దుమ్ము తుడిచాను. చార్టు ముక్క అక్కడ పెట్టి రాబోయాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నాకు కావాలి.

23 సెప్టెంబరు, తాల్‌బగీచా

ఉదయం ఝపటాపూర్ వెళ్ళాను. సింహాచలం వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. చూపు బాగా తగ్గింది, చప్పుడు విని ఎవరని అడిగాడు. ఇంటి దగ్గరే రాసుకొచ్చిన కాగితం అతని చేతిలో పెట్టాను. రిటైరైనప్పుడు సొరుగులో మిగిలిన పాత మెమో పుస్తకంలోంచి చింపిన కాగితం.

అతను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"17-9-86. రాజమండ్రిలో టీ వచ్చింది, కాగితం రాలేదు. అప్పుడే తెలిసింది. కృపారావు, సెక్షన్ కంట్రోలర్, ఖరగ్‌పూర్."

చాలాసేపు చదివాడు, అంత చిన్న కాగితం. అది పిల్ల చెప్పిన మాట అని నాకెందుకు చెప్పలేదు, ఆ రోజు అందరి ముందూ నీ మీద ఎందుకు వేసుకున్నావని అప్పుడు అడిగాను.

"నీకు ఎవుళ్ళో ఒకళ్ళ మీద కోపం కావాల కదా," అన్నాడు. "పిల్ల మీదెందుకు, నామీదుంటే పోలేదా అనుకున్నాను."

బాలాంబ లోపల్నుంచి టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. సింహాచలం టీ ఇంకా ముట్టుకోలేదు. జేబు తడుముకుని కలం తీశాడు. కాగితం వెనక్కి తిప్పి, టైమెంత అని నన్నడిగాడు. 9.25 అన్నాను. అందినట్టు రాసి, టైము వేసి, సంతకం పెట్టి నాకు తిరిగి ఇచ్చాడు.

దాన్ని 1986 డైరీలో వాల్తేరు కాగితం తర్వాత అంటించాను.